బ్రష్ తగిలిన రాయి

మా ఆయన సుబ్బరాజు గారు కెనడాలోని బ్రాంప్టన్‌లో ముప్ఫై ఏళ్లు రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నోట్లో నాలుక లేని మనిషి. కర్లింగ్ ఆట సంగతి వస్తే మాత్రం ఆ నోటికి తాళం ఉండదు. మంచు మీద బరువైన గ్రానైట్ రాయిని జారవిడుస్తారు. అది వెళ్లే దారిని ఇద్దరు బ్రష్షులతో రుద్దుతూ అవతలి చివరనున్న గుండ్రాల్లోకి చేరుస్తారు. ఆ గుండ్రాలు హౌస్, వాటి నట్టనడి చుక్క బటన్, ఆఖరి రాయి వేసే హక్కు హామర్. బటన్‌కి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్లకే పాయింటు. ఇంట్లోనూ ఇదే భాష. నేను పప్పు ఎనుపుతుంటే పక్కన చేరి "హార్డ్, శాంతా, హార్డ్" అంటారు. గట్టిగా రుద్దమని అర్థం. పప్పుగుత్తి ఆయన మీదికి ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు.

పంతొమ్మిదేళ్లు ఆడినా క్లబ్బు షీల్డు ఒక్కసారీ రాలేదు. 2022 శీతాకాలానికి మోకాళ్లు అరిగిపోయాయి. ఏప్రిల్‌లో ఆపరేషన్ అన్నారు. వంగలేక కర్రతో రాయి తోసేవారు. "ఇదే ఆఖరి సీజన్ శాంతా. ఒక్క షీల్డు వస్తే చాలు," అన్నారొకరోజు నావైపు చూడకుండా. నా ప్రాణం ఉసూరుమంది.

జట్టులో నలుగురం: ఆయన, నేను, రాజగోపాల్ గారు, విశ్వేశ్వరరావు గారు. విశ్వేశ్వరరావు గారు కాల్గరీ వెళ్లిపోతే, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే సుధామయిని తీసుకుందామన్నారు మా ఆయన. ఆ ఏడు బస్సుల్లో, దుకాణాల్లో ఎక్కడ చూసినా మన దేశం నుంచి వచ్చిన స్టూడెంట్లే. ఈ పిల్లకి పొద్దున కాలేజీ, సాయంత్రం పక్క ఊరు వాన్‌లో వేర్‌హౌస్ షిఫ్ట్.

"వద్దండీ. ఈ పిల్లలకి ఇక్కడి రూల్స్ పట్టవు. మన పరువు తీస్తున్నారు," అన్నాను.

"నేర్పితే పడతాయిలే," అన్నారు.

మొదటి రోజే 'బర్న్డ్' అనే మాట నేర్పారు. "వెళ్తున్న రాయికి మన బ్రష్ తగిలితే అది కాలిపోయినట్టే అమ్మాయ్. తీసి పక్కన పెట్టెయ్యాలి. ఇక్కడ అంపైర్ ఉండడు. ఎవరి బ్రష్ తగిలితే వాళ్లే చెప్పాలి."

"ఎవరూ చూడకపోయినానా అంకుల్?"

"చూడకపోయినా చెప్పాలమ్మా."

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫైనల్. ఆఖరి రౌండుకి స్కోరు సమానం, హామర్ మాది. అవతలివాళ్ల రాయి బటన్‌కి జానెడు దూరంలో ఉంది. రాజగోపాల్ గారు హౌస్‌లో నిలబడి గురి చూపించారు. మా ఆయన కర్రతో రాయి తోశారు. నేనూ సుధామయీ రుద్దుతూ పరిగెత్తాం. సగం దారిలో సుధామయి బ్రష్ అంచు రాయికి తగిలింది. నేను చూశాను. తను నా ముఖంలోకి చూసింది. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను.

రాయి వెళ్లి బటన్ మీద ఆగింది. వెనక నుంచి మా ఆయన కుంటుకుంటూ వచ్చారు, కళ్లనిండా నీళ్లతో. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు తప్పు చేశానని అనిపించనే లేదు.

"అంకుల్," అంది సుధామయి. "బర్న్డ్. నా బ్రష్ తగిలింది. సారీ అంకుల్."

ఆయన రాయి దగ్గరికి వెళ్లారు. కర్రతో మెల్లిగా దాన్ని హౌస్ బయటికి తోసేసి, వెళ్లి అవతలి కెప్టెన్‌కి చెయ్యి కలిపారు. తిరిగొచ్చి సుధామయి తల నిమిరి, "సారీ ఎందుకమ్మా, బాగా ఆడావు," అన్నారు.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి కాఫీ ఇప్పించడం మా క్లబ్బు ఆచారం. బల్ల దగ్గర కూర్చున్నాక ఆయన మామూలుగానే అడిగారు: "పక్కనే ఉన్నావుగా శాంతా, నువ్వు చూడలేదూ?"

"ఆంటీ చూసుండరు అంకుల్," అంది సుధామయి గబుక్కున.

నన్ను కాపాడటానికి ఆ పిల్ల అబద్ధమాడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"చూశానండీ," అన్నాను. "చెప్పొద్దని సైగ చేసిందీ నేనే. మీకోసమే."

ఆయన పంచదార గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "ఇప్పుడు చెప్పావుగా," అని నా కప్పులో పంచదార వేశారు. ఆ చేత్తోనే సుధామయి కప్పులోనూ వేశారు.