తుడిస్తే పోని సిరా

గొంతు ఆపరేషన్ తర్వాత నాయనకు మాట పోయింది. చిత్తూరు దగ్గర మామిడి మండీలో వేలం పాడి బతికిన మనిషి ఆయన. ఆయన గొంతెత్తితే రోడ్డవతల టీ కొట్టులో కూర్చున్నవాళ్ళకు కూడా ఆ రోజు ధర తెలిసిపోయేది. ఆయన్నీ అమ్మనూ తిరుపతిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. వంటింటి అలమరాలు చేయించినప్పుడు మిగిలిన తెల్ల సన్‌మైకా ముక్క ఒకటి ఉంటే పలకగా ఆయన చేతికిచ్చి, ఒక మార్కరు పెన్ను కొనిచ్చి, ఇక నీ ఇష్టం నాయనా, ఎంత కావాలంటే అంత మాట్లాడుకో అన్నాను.

ఆయన అరిచినట్టే రాసేవాడు. అక్షరం అరచేయంత. రాయడం, భుజం మీది తువ్వాలుతో తుడిచేయడం, మళ్ళీ రాయడం. పెన్నులు ఇట్టే ఎండిపోయేవి. ఎండిన పెన్నును పలక మీద గీకీ గీకీ చివరికి నా మీదికే విసిరేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా పెన్ను ఎండిందంటే ఆయనకు రెండోసారి గొంతు పోయినట్టే. ఆ ముఖం చూడలేక, ఇంట్లోనే సిరా చేసి ఖాళీ పెన్నుల్లో నింపుదామనుకున్నాను.

దానికి కావలసింది మసి. నాయన మెడకున్న కన్నంలోంచి ఊపిరి తీసుకుంటాడు కాబట్టి పొగ తగలకూడదు. మిద్దె మీద కర్పూరం వెలిగించి, పైన ఇత్తడి తట్ట బోర్లించి మసి పట్టాను. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఏ ఇద్దరూ ఒక మాట చెప్పలేదు. ఫోన్‌లో చూసిన వీడియోలో ఒకామె నూనె పొయ్యమంది. పోస్తే అది కాటుకయ్యింది. నాయన లుంగీ, దిండు, మీసం అన్నీ నలుపే. ఇంకొకాయన స్పిరిట్ అన్నాడు. కరోనా నాటి శానిటైజర్ ఇంట్లో ఉంటే కలిపాను. మసంతా అడుగుకు దిగిపోయి, పెన్ను బూడిద నీళ్ళు కక్కింది. దేనికి ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అమ్మకు చదువు రాదు కానీ చాదు చేయడం వచ్చు. మా పిల్లలందరికీ నుదుటన పెట్టిన నల్లచుక్క ఆమె చేతిదే, సగ్గుబియ్యం మాడ్చి నీళ్ళు పోసి ఉడికించింది. చాదులో సగ్గుబియ్యం బంక ఉండబట్టే కదా నిలుస్తుంది, ఉత్త మసి ఎట్లా నిలుస్తుంది, దీనికీ బంక కావాలి అంది. సబబుగానే తోచింది. వడ్రంగి వదిలిపెట్టి పోయిన తెల్ల జిగురు డబ్బాలో ఇంకా కొంచెం ఉంటే, నీళ్ళతో పలచన చేసి మసిలో కలిపి నింపాను. రాసి చూస్తే నిగనిగలాడింది. తుడిచి చూడాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు.

ఆ పెన్ను చేతికిచ్చిన పొద్దున అమ్మ రాగి జావ గ్లాసు పట్టుకుని ఆయన వెంట పడింది. తాగు, కొంచెం తాగు, నా కోసం తాగు. నాయన విసురుగా పలక లాక్కుని ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశాడు: ‘నోరు మూసుకోవే.’

ఆయన రాసింది అమ్మకు చదివి చెప్పేది నేనే. చెప్పేటప్పుడు మాటకింత బెల్లం కలపడం అప్పటికే అలవాటైపోయింది.

“ఏం రాసినాడు పాపా?”

“కాఫీ కావాలంటమ్మా.”

అమ్మ ముఖం విప్పారింది. జావ పక్కన పెట్టి కాఫీకి పోయింది. నాయన నన్ను కొరకొరా చూసి, తువ్వాలు తీసి పలక తుడిచాడు. పోలేదు. తడి చేసి తుడిచాడు, గోటితో గీకాడు. సన్‌మైకా ముక్కకు అంటుకున్న వడ్రంగి జిగురు మరి, ఎట్లా పోతుంది?

అప్పటి నుంచి మా ఇంట్లో విచిత్రం మొదలైంది. అమ్మ ఆ గదిలోకి పోయినప్పుడల్లా పలక మీద అవే అక్షరాలు కనిపిస్తాయి, వెంటనే కాఫీ పెట్టుకొస్తుంది. నేను కొత్త పెన్ను తెచ్చి, అట్ట ముక్క ఇచ్చి, ఇక్కడ రాయి నాయనా అంటే ఆయన రాయడు. పలకను గోడ వైపు తిప్పి పెడతాడు, గది ఊడ్చేటప్పుడు అమ్మ మళ్ళీ ఇటు తిప్పి పెడుతుంది. నిజం చెప్తే అమ్మ బాధపడుతుంది. చెప్పకపోతే, రాసింది మార్చి చెప్తున్నానని నాయన రాతే మానేసేటట్టున్నాడు. ఎవరి పక్షాన ఉన్నానో నాకే తెలియని అయోమయంలో పడ్డాను.

చివరికి గోళ్ళ రంగు తీసే మందు దూదికి తడిపి ఒక మూల రుద్దితే నలుపు కదిలింది. అమ్మయ్య అనుకుని, నాయన పెరట్లో ఎండకు కూర్చున్న సమయం చూసి పలక ముందేసుకున్నాను. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“తుడవద్దు పాపా. అదేందో ఎదురింటామెతో సదివించుకున్నా.”

ఎప్పుడు చదివించావమ్మా అంటే, నువ్వు చెప్పిన మర్నాడే అంది. కాఫీ అన్న మాట అంత పొడుగుంటుందా అని అనుమానం వచ్చిందట.

“తెలిసి కూడా కాఫీ ఎందుకిస్తున్నావు మరి?”

అమ్మ పలకను నా ముందు నుంచి తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచింది.

“ఇన్నేండ్లూ ఆ మాట అనేసి మరిసిపోతా ఉండె. ఇబ్బుడు మరిసేదానికి లేదు గదా. కాఫీ ఇస్తే తీసుకునేటబ్బుడు నా మొగం సూస్తా ఉండాడు పాపా. ముందెబ్బుడూ సూసినోడు కాదు.”

అది సంతోషమో, కక్షో, రెండూనో నాకు అర్థం కాలేదు. అమ్మ పలకను మంచం దగ్గర, అక్షరాలు ఇటు వచ్చేటట్టు నిలబెట్టి, పాలు పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లోకి పోయింది. నేను మందు సీసాకు మూత పెట్టేశాను.