నవ్వులాయన నోరు మూసుకున్న రోజు

రేడియేషన్ గదిలో పనిచేసే ఆ టెక్నీషియన్‌ని ఆసుపత్రిలో అందరూ నవ్వులాయన అనేవారు. క్యాన్సర్ రోగిని బల్లమీద పడుకోబెట్టి, ముఖం కొలతకు చేసిన వలలాంటి మాస్కు తల కదలకుండా బిగించి, బరువైన తలుపు మూసి బయటికి రావడం అతని ఉద్యోగం. నవ్వితే తల కదులుతుంది గనక, మాస్కు పెట్టకముందే నవ్వించేవాడు. నవ్వు నాలుగు విధాల చేటన్న పెద్దలెవరూ ఈ బల్లమీద పడుకుని ఉండరని అతని వాదన. ఇంట్లో మాత్రం మూతి ముడుచుకు కూర్చుంటారని భార్య దెప్పేది. ఏమాటకామాటే, వణుకుతూ వచ్చి నవ్వుతూ పడుకున్నవాళ్ళు ఎందరో. అలాంటి మనిషి దొరకడం ఆ గది అదృష్టం.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. గొంతులో క్యాన్సర్‌తో వచ్చే గడియారాల మెకానిక్ పెద్దాయన రోజూ ఎదురు జోకు తెచ్చేవాడు. "ఈ మాస్కు ఇంటికి పంపవయ్యా, మా వియ్యపురాలు వచ్చినప్పుడు పెట్టుకుంటా" అనేవాడు బొంగురు గొంతుతో.

ఒకరోజు పెద్దాయన రాలేదు. ఈ చికిత్సలో నాగా పడకూడదు. మర్నాడు వచ్చి, "నాకు కీ ఇవ్వడం మరిచిపోయారయ్యా" అన్నాడు. నవ్వులాయన నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సిబ్బందికి శిక్షణ పెట్టారు. ఖాళీ గదిలో ఒక మంచం, మంచంమీద రోగి వేషంలో రిటైరైన టీచరమ్మ, అవతలినుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక చూస్తూ తోటివాళ్ళు. ఆవిడ మనసులో ఏముందో కనుక్కోవాలి. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుంటూ వెళ్ళాడు.

"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు బాబూ" అంది టీచరమ్మ.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా, మా ఆవిడ గురక అలాంటిది."

ఆవిడ నవ్వింది. రెండో జోకుకీ నవ్వింది. అద్దం వెనకా నవ్వారు. గెలిచాననుకున్నాడు.

అయ్యాక, రోగిగా తనకెలా అనిపించిందో టీచరమ్మ చెప్పాలి. అది అక్కడి పద్ధతి. ఆవిడ తలకు కట్టుకున్న గుడ్డ విప్పి మడత పెడుతూ, "మీరు చాలా మంచివారు, అందుకే నవ్వాను" అంది. "చచ్చిపోవాలనిపిస్తోందని చెబుదామనుకున్నా. ఇంత కష్టపడి నవ్విస్తున్న మనిషిని చిన్నబుచ్చడమెందుకని మింగేశా."

అనుమానం వస్తే చావాలనుందా అని సూటిగానే అడగాలని శిక్షణ ఇచ్చేవాళ్ళు చెబుతుంటే, నవ్వులాయన తన గది గురించే ఆలోచిస్తున్నాడు. వేషం వేసిన మనిషే దాచుకుంటే, ఇన్నేళ్ళూ తన ముందు నవ్వినవాళ్ళు ఏమేం దాచుకున్నారో! పెద్దాయన గుర్తొచ్చాడు. ఎందుకు రాలేదని తను అడగనే లేదు. ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పాడు. సంగతి విన్న భార్య, "రేపు జోకు చెప్పకుండా అడగండి, అంతే" అంది.

అది అంతేనా? మర్నాడు అతను మాస్కు పక్కన పెట్టి, స్టూలు లాక్కుని పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు.

"మొన్న ఎందుకు రాలేదు బాబాయ్?"

"ఏదో బద్ధకం."

నాలుక చివరికి జోకొకటి తన్నుకొచ్చింది. పంటి బిగువున ఆపుకున్నాడు. ఎంతమందిని నవ్వించాడో గానీ, ఆ కాసేపు నోరు మూసుకోవడమే అతను చేసిన గొప్ప పని.

"ఇక చాలనిపిస్తోందయ్యా" అన్నాడు పెద్దాయన చివరికి. "మొన్న ఎంత వెతికినా జోకు దొరకలేదు. ఉత్త ముఖంతో నీ దగ్గరికెలా రానూ? ఆగిపోయా."

నవ్వులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా శిక్షణలో నేర్పిన ప్రశ్న సూటిగా అడిగాడు. "చచ్చిపోవాలనుకుంటున్నారా?"

"అనుకున్నా. నువ్వడిగావు గనక చెప్తున్నా."

ఆ పూట మిషను కాసేపు ఆగింది. మానసిక వైద్యురాలు వచ్చింది, కూతురు పరుగెత్తుకొచ్చింది. అందరూ మాట్లాడాకే పెద్దాయన బల్లెక్కాడు.

తర్వాత ఆయన నాగా పెట్టలేదు. కొన్నాళ్ళు ఏడ్చాడు, కొన్నాళ్ళు విసుక్కున్నాడు. నవ్వులాయన జోకులు మానలేదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కాకపోతే ముందు స్టూలు, తర్వాతే జోకు.

ఒక ఉదయం పెద్దాయన గుమ్మంలోనే ఆగాడు. "ఈరోజు నా దగ్గర ఏమీ లేదయ్యా. అయినా వచ్చా."

"నా దగ్గరా ఏమీ లేదు బాబాయ్. రండి" అంటూ నవ్వులాయన స్టూలు లాగాడు.