రాగి రేకు చదివిన సారు

మునిచంద్ర ఇల్లు మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డు వెనక వీధిలో. తెల్లారేసరికి లారీల హారన్లకు లేచి, ఏడున్నర బస్సెక్కి పుంగనూరు పోయి, అక్కడొక హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా సోషల్ చెబుతున్నాడు. ఆదివారమైతే చేతిసంచిలో బ్రష్షూ, కాగితాలూ వేసుకుని గుట్టల వెంట పాత శాసనాలు చదవడానికి బయల్దేరతాడు. ఆయన మాట కూడా కొంచెం శాసనంలాగే ఉంటుంది. పిల్లలెవరైనా ‘ఉండాది’ అంటే చాలు, ‘ఉన్నది’ అని దిద్దేదాకా ఊరుకోడు.

పోయిన ఆషాఢంలో పుంగనూరు బయట ఒక గుట్ట మీద ఉండగా వాన పట్టుకుంది. తల దాచుకుందామని రెండు బండల సందులో దూరాడు. అవతలివైపు బయటికొస్తే వాన లేదు, తారురోడ్డు లేదు, కరెంటు స్తంభాలూ లేవు. ఒకావిడ దొడ్డి ఊడుస్తోంది.

“అమ్మా, ఇది ఏ శకము?” అని అడిగాడు.

“శకం గికం నాకు తెల్దు నాయనా. ఇది మా అత్తోళ్ల దొడ్డి” అందావిడ.

వచ్చిన దారినే తిరిగొచ్చాక, ఈ సంగతి అప్పట్లో ఆయన ఒక్కరికే చెప్పాడు. ఒకప్పుడు తన దగ్గర చదువుకుని, ఇప్పుడు కుప్పంలో ఉంటూ చరిత్ర మీద పరిశోధన చేస్తున్న నీరజకు. ఆమె ఫోన్లో పడీపడీ నవ్వి, మరుసటి ఆదివారం పొద్దున్నే పుంగనూరులో బస్సు దిగింది. సందు దాటాక నవ్వు ఆగిపోయింది.

అది పాళెగాళ్ల కాలమని తేల్చుకోవడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. కానీ ఆ రోజు సంగటిలోకని తెచ్చుకున్న టమోటా పచ్చడి డబ్బా మూత తీయగానే, పచ్చినెత్తురు తింటున్నారని ఊరు ఊరంతా పరుగులు తీసింది. టమోటా అనేదొకటి ఉందని అప్పటివాళ్లకు తెలియదన్న మాట ఇద్దరు చరిత్రకారులకూ తట్టలేదు. ఆ గందరగోళంలోనే ఇంకొకటి తెలిసింది. బండల సందులో నీడ ఉన్నంతసేపే దారి. ఎండ నడినెత్తికి వస్తే బండ బండే. ఆ రోజు కాస్తలో బయటపడ్డారు.

అయినా కార్తీకంలో మళ్లీ వెళ్లారు. ఈసారి అడుగు పెట్టగానే ఈటెలు పట్టుకున్న ముగ్గురు చుట్టుముట్టారు. ముందున్నవాడు ఊరి తలారి గంగులప్ప.

“ఎవురు మీరు? యాడ నుంచి?”

మునిచంద్ర చేతులు జోడించాడు. “అయ్యా, మేము దూరదేశము నుండి అరుదెంచిన బాటసారులము.”

గంగులప్ప కళ్లు చిన్నవయ్యాయి. “ఇది మన సీమ మాట గాదు. వేగులోళ్లు. కట్టండ్రా!”

చేతులు వెనక్కి విరిచి కట్టేస్తుంటే నీరజ ముందుకొచ్చింది. “వేగు లేదు గీగు లేదన్నా. ఈయప్ప పిల్లోళ్లకు సదువు సెప్పే అయ్యవారు. ఎప్పుడు సూడు పుస్తకాలే, అందుకే నోట్లో నుంచి అట్లొస్తాది. కుప్పం కాడ నుంచి వస్తాండాము.”

ఆ మాట విని ఈటెలు కిందికి దిగాయి. గంగులప్ప మాత్రం “సదువొచ్చునా?” అని ఆగిపోయాడు. ఇద్దరినీ చావడి దగ్గరికి నడిపించాడు.

అక్కడ పదిమంది పోగై ఉన్నారు. మధ్యలో చెంగమ్మ అనే ఆమె, నడుమెత్తు కూడా లేని చిన్న ఆవు పలుపు పట్టుకుని నిలబడి ఉంది. మొగుడు పోయి ఏడాది. చెరువు కింద ఉన్న ఆమె చేను తన తాతదని గంగులప్ప అంటున్నాడు. సాక్ష్యం ఆ చేను దానం రాసిన ఒక రాగి రేకు. చదవగలిగిన కరణం జ్వరమొచ్చి పోయాడు.

గంగులప్ప మునిచంద్ర కట్లు విప్పి, రేకు చేతిలో పెట్టి, చెవి దగ్గరకు వంగాడు. “మా తాత పేరుండాదని సదువు. ఇద్దురూ పోవచ్చు. లేదంటే కోటకు తోలకపోతా.”

అక్షరాలు మునిచంద్రకు అద్దంలా కనబడ్డాయి. అందులో గంగులప్ప తాత లేడు. తలెత్తి గుట్టవైపు చూశాడు. బండల మీద నీడ జానెడు మిగిలింది.

“సార్,” నీరజ గొణిగింది, “ఎట్ల సదివినా ఈళ్లకు తెల్దు. టైం లేదు సార్.”

నిజమే. ఒక్క అబద్ధం, ఒకే ఒక వాక్యం. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనుషులు. కానీ ఆ మనుషుల్లో ఒకామె పలుపు రెండు చేతులా బిగించి మునిచంద్ర నోటివైపే చూస్తోంది.  ఆయన రేకును వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు.

“చెరువు తవ్విన బుక్కన్నకు ఈ చేను ఇచ్చినాము. ఆయప్ప కొడుకులు, మనవలు అనుభవించేది” అని బయటికి చదివాడు. ఎవరికీ అర్థంకాని మాట ఒక్కటీ రాకుండా చదివాడు.

“బుక్కన్న మా మామకు నాయన” అంది చెంగమ్మ. ఆ మాట అరుపులా వచ్చింది.

“అబద్ధం!” గంగులప్ప ఈటె ఎత్తాడు. దాని మొన మునిచంద్ర గుండెకు మూరెడు దూరంలో నిలిచింది.

గుంపులోంచి ఒక ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. “గంగులా, ఈయప్ప మనూరికి ఇప్పుడే గదా వచ్చిండేది. బుక్కన్న పేరు ఈయప్పకెట్ల తెలుసు? రేకులో ఉండబట్టే గదా!”

గుంపు కదిలింది. ఒకరు ఈటె పట్టుకున్నారు, ఇంకొకరు గంగులప్ప భుజం. మునిచంద్ర రేకును చెంగమ్మ చేతిలో కుక్కి పరుగందుకున్నాడు. గంగులప్ప మనుషులు వెంటబడేలోపు చెంగమ్మ పలుపు వదిలేసింది. బెదిరిన ఆవు వాళ్ల కాళ్లలోకి దూరింది. ఈటెలవాళ్లిద్దరూ బోర్లాపడ్డారు.

నీరజ ముందు సందులోకి దూరింది. మునిచంద్ర పొట్ట దగ్గర ఇరుక్కుపోయాడు. వీపు మీద ఎండ చురుక్కుమంది. “ఊపిరి వదలండి సార్!” అంటూ ఆమె చొక్కా పట్టి గుంజింది. చొక్కా చిరిగింది, మనిషి బయటపడ్డాడు. వెనక్కి చూస్తే అక్కడ సందు లేదు. కింద రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది.

ఇద్దరూ గుట్ట దిగారు.

“ఆ రేకు తెచ్చింటే మీ పేరు ఎక్కడికో పోయేది సార్” అంది నీరజ.

“అది ఆమెకు కావాలమ్మా.”

కుప్పం పోవడానికి ఆమె పలమనేరు బస్సెక్కింది. పరుగులో చెప్పులు పోయి, ఆయన వట్టికాళ్లతో మదనపల్లె చేరాడు. తర్వాత నాలుగు ఆదివారాలు వెళ్లి చూశాడు గానీ ఆ బండల మధ్య వేలు కూడా దూరలేదు.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఆయన భార్య ఉషారాణి బక్కెట్లో వేణ్నీళ్లు పోసి ఉప్పు వేసింది. వాచిన కాళ్లు అందులో పెట్టుకుని, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. నమ్మిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. చివరిదాకా విని, “ఆయమ్మకు పిల్లోళ్లు ఉండారా?” అంది.

“అడగలేదు.”

“చేను నిలిచిందా?”

“తెలియదు.”

“అవి గూడా తెలుసుకోకుండా వస్తే, ఏం సరిత్ర సదివినట్టు మీరు?” అని ఆమె తువ్వాలు తేవడానికి లోపలికి పోయింది.  మునిచంద్ర కాళ్లు ఇంకాస్త లోతుకు దించాడు.