కొస మిగిల్చే మనిషి

సోఫాలూ కుర్చీలూ బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ కుర్చీల బాబాయ్ అంటారు. చేతినిండా పని ఉంది, మంచి భార్య ఉంది, కూతురు తన కాపురం తాను చేసుకుంటోంది. బీపీ లేదు, షుగరు లేదు. ఇన్ని ఉండి కూడా ఆయనకు కొన్నేళ్ళ క్రితం చచ్చిపోవాలనిపించడం మొదలైంది. ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. అదే ఆయన అసలు కష్టం. కష్టమున్నవాడు చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. ఏ కష్టమూ లేనివాడు చెప్పుకుంటే కడుపు నిండిన బేరం అంటారు. ఒక స్నేహితుడికి చెబితే పొద్దున్నే నడవమన్నాడు. ఆ మహానుభావుడు పంటి నొప్పికీ, పెళ్ళాంతో పోట్లాటకీ కూడా నడవమనే చెబుతాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం!

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, మాత్రలు మొదలుపెట్టాడు. ఆ డాక్టరమ్మే ఫోన్లో ఒక గ్రూపు ఉందని చెప్పింది. అందులో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ అంచు దాకా వెళ్ళి వచ్చినవాళ్ళే. ఇంకా వెళ్ళొస్తున్నవాళ్ళూ ఉన్నారు. అసలు పేర్లుండవు. చావు దారుల గురించి అక్కడ ఎవరూ మాటెత్తకూడదు. ఇక "నీకేం తక్కువ" అన్నవాణ్ణి ఆ పూటే బయటికి పంపేస్తారు. ఆ నియమం చదివినప్పుడు బాబాయ్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. తనలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలియడమే ఆయనకు సగం మందయింది.

భార్యకు ముందు చెప్పలేదు. మొగుడు ఫోను చూసుకుని ముసిముసిగా నవ్వుతుంటే ఏ ఆడదానికైనా ఏమనిపిస్తుంది? ఆవిడకూ అదే అనిపించింది. ఒకరోజు ఫోను లాక్కుని చదివింది. సవతిని పట్టుకుందామని వెళ్ళి, ఇన్నాళ్ళూ పక్కనున్న మనిషినే సరిగ్గా చూడలేదని తెలుసుకుంది పాపం. అప్పటినుంచి మాత్రల డబ్బా ఆవిడ దగ్గరే ఉంటుంది. గ్రూపు కబుర్లు మాత్రం ఆయనకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

ఆ గ్రూపుకు బాబాయ్ ఒక అలవాటు నేర్పాడు. సాయంత్రం ఆయన ఏ పనీ పూర్తిచేయడు. సోఫాకు గుడ్డంతా బిగించి, ఒక పక్క అంచు కుట్టకుండా వదిలేస్తాడు. పొద్దున్న లేవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని. దానికి కొస అని పేరు పెట్టాడు. అది విని గ్రూపులో అందరూ రోజూ ఏదో ఒక కొస మిగల్చడం మొదలుపెట్టారు, సాయంత్రమయ్యేసరికి ఎవరి కొస వాళ్ళు చెప్పుకునేవారు. గ్రూపు చూసుకునే టీచరమ్మ సగం దిద్దిన పరీక్ష పేపర్లని చెప్పేది. ఒక లారీ డ్రైవరు సగం గీసుకున్న గడ్డం అనేవాడు. అవి వట్టి కోతలని అందరికీ తెలుసు, అయినా రోజూ నవ్వేవారు.

వాళ్ళలో పిచ్చుక అని ఒక అమ్మాయి. ఆ ఊళ్ళోనే అవతలి చివర కళ్ళజోళ్ళ షాపులో పని. స్టూలు మీద కూర్చుని కూర్చుని నడుం పోతోందని ఒకసారి రాస్తే, బాబాయ్ మంచి దూది కూరి, ముదురు పచ్చ గుడ్డతో ఒక దిండు కుట్టి షాపుకు పంపించాడు. అలా ఆ పిల్ల చిరునామా ఆయనొక్కడికే తెలుసు.

ఒక మధ్యాహ్నం పిచ్చుక ఇలా రాసింది: "నా పనులన్నీ అయిపోయాయి. ఈరోజు నాకు కొసేమీ లేదు. అందరికీ చాలా థాంక్స్. ఇక సెలవు."

మరొకరు చదివితే హాయిగా విశ్రాంతి తీసుకో అమ్మా అనేవారు. ఆ గ్రూపువాళ్ళకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను చేస్తే స్విచాఫ్. టీచరమ్మ సహాయకేంద్రానికి ఫోను చేస్తూనే, చిరునామా తెలిసినవాళ్ళు వెంటనే కదలండని రాసింది. బాబాయ్ సూది వదిలేసి లేచాడు. భార్య అప్పటికే స్కూటరు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

షాపులో ఆ పిల్ల లేదు. ఉద్యోగం మానేసిందని, ఆ పిల్ల గొడుగూ పూలకుండీ కూడా తనకే ఇచ్చేసిందని యజమాని మురిసిపోతూ చెప్పాడు. ఆ మాట బాబాయ్‌కి మరోలా వినిపించింది. ఉన్నవన్నీ ఎవరెప్పుడు పంచిపెడతారో ఆయనకు బాగా తెలుసు. ఎక్కడికెళ్ళిందని అడిగితే బస్టాండు పేరు చెప్పాడు.

బస్టాండు నిండా జనం. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో వీళ్ళకు తెలియదు. బాబాయ్ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతుంటే, భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. చివరి బల్ల మీద ఒక అమ్మాయి ముదురు పచ్చ దిండు వేసుకుని కూర్చుని బన్ను తింటోంది.

బాబాయ్ వెళ్ళి ఆ బల్ల చివర కూలబడ్డాడు. తిట్టే పని భార్యే అందుకుంది. "ఏమే పిల్లా, ఆ రాసేదేదో సరిగ్గా రాయొద్దా? మా ప్రాణాలు తీద్దామనుకున్నావా?"

విషయం తెలిసేసరికి పిచ్చుక చేతిలో బన్ను కిందపడింది. వేరే ఊళ్ళో పెద్ద షాపులో ఉద్యోగం వచ్చిందట, రేపే చేరాలట. గది ఖాళీ చేసి, అన్ని పనులూ తెముల్చుకుంది. ఇప్పుడు బాగానే ఉంది కాబట్టి గ్రూపులో తన చోటు ఇంకొకరికి ఇవ్వాలనుకుంది. ఏ పనీ మిగల్చలేదని చెబితే మెచ్చుకుంటారనుకుందట. ఈలోగా ఫోను చార్జింగు అయిపోయింది.

"బతికే ఉన్నాను, బస్సు కోసం చూస్తున్నాను" అని బాబాయ్ ఫోన్లోంచి రాసింది. ఆ వెంటనే లారీ డ్రైవరు జవాబిచ్చాడు: "నువ్వు పలికేదాకా కదలనని రోడ్డు పక్కన ఆపేశాను తల్లీ. ఇక బండి తీస్తున్నా."

అంతకుముందు తన కోసం వచ్చినవన్నీ ఆ పిల్ల పైకి చదవడం మొదలుపెట్టింది. టీచరమ్మ మాట, ఇంకొకరి మాట, ఒకటి తర్వాత ఒకటి. ఎన్నాళ్ళుగానో ఉండి ఎన్నడూ నోరు విప్పని మనిషొకరు మొదటిసారి రాశారు: "నీ మాటలు రోజూ చదువుతాను. పోవద్దు పిచ్చుకా."

అక్కడికి వచ్చి ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నేను పోతే ఎవరేం రాస్తారా అని అప్పట్లో తెగ ఆలోచించేదాన్ని బాబాయ్. ఎవరూ ఏమీ రాయరనుకునేదాన్ని." కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఫోను వంక చూసింది. "నిజంగా పోయుంటే ఇవేవీ చదివేదాన్ని కాదు కదా."

"నేనూ చదివేవాణ్ణి కాదమ్మా" అన్నాడు బాబాయ్.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా ముగ్గురూ ఆ బల్ల మీదే పక్కపక్కన కూర్చుని, మిగిలినవి ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు.