నా సంతాప సభకు నేనే ఆలస్యం

నా సంతాప సభకు నేను అరగంట ఆలస్యంగా వెళ్లాను. ఇంతకు మించిన ఘనకార్యం నా జీవితంలో లేదు కనుక కాస్త వివరంగానే చెబుతాను.

అప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. మా హాజరు ఫోన్‌లోని యాప్ తీసుకునేది. పొద్దున పది నుంచి పదిన్నర లోపు, డిపార్ట్‌మెంట్ భవనంలోనే నిలబడి దానికి ముఖం చూపించాలి. ఆ నెల ఇంకొక్క రోజు తప్పితే నా ఫెలోషిప్ ఆగిపోతుంది. సరిగ్గా ఆ రోజే, ఆ వేళకే లాలాపేట్‌లో అన్నయ్య ఇంట్లో నాన్న మూడో మాసికం. సెలవు పెడదామని చూస్తే, యాప్‌లో జ్వరం ఉంది, ప్రసూతి ఉంది, క్రీడాపోటీలు ఉన్నాయి. మాసికం లేదు.

దానికి కావలసింది ముఖమే కదా అనుకున్నాను. తార్నాకలో పటాలు కట్టే దుకాణానికి వాట్సాప్‌లో నా ఫొటో పంపి, "పెద్దగా ప్రింట్ కావాలె. రేపు పొద్దున తొమ్మిదికి. చాలా అర్జంట్" అని రాశాను. ఆయన చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

నా ఫోన్ రూమ్మేట్ యాదగిరికి అప్పగించాను.

"ఫొటో తెచ్చి, పదింటికి ఫోన్‌కు చూపియ్."

"ఎవరన్నా చూస్తే ఏం చెప్పాలెరా?"

"ఏం చెప్పకు. నోరు మూసుకొని నిలబడు."

వాడు నా మాట విన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

దుకాణదారు ఫొటోకు పటం కట్టి, గంధపు చెక్కల దండ బిగించి ఉంచాడట. "గింత చిన్న వయసుల ఎట్ల పోయిండన్నా?" అని అడిగితే యాదగిరి నోరు మూసుకొని నిలబడ్డాడు. దండ విప్పే సమయం లేక, అలాగే తెచ్చి డిపార్ట్‌మెంట్ వరండాలో ఫోన్‌కు చూపించాడు. హాజరు పడింది. దండ దానికి అడ్డం రాలేదు.

అప్పుడే మా హెడ్ సుశీల మేడం గదిలోంచి బయటికొచ్చారు.

"అయ్యో! ఎప్పుడయ్యా? నిన్న లైబ్రరీలో చూశానే!"

యాదగిరి తల వంచుకున్నాడు. మేడం మా ఇంట్లోవాళ్లెవరైనా ఎత్తుతారేమోనని నా నంబరుకే ఫోన్ చేశారు. అది యాదగిరి చేతిలో మోగింది. ఆవిడ ఏడ్చింది అప్పుడేనట.

మధ్యాహ్నం నేను గారెల డబ్బాతో వచ్చేసరికి సెమినార్ హాలు నిండుగా ఉంది. బల్ల మీద నా పటం, ముందు అగరొత్తులు. ఎవరో నా నిజాయితీ గురించి మాట్లాడుతున్నారు. వెనక వరసలో కూర్చున్నాను.

"లేటొచ్చినవేందన్నా? మౌనం అయిపాయె," అన్నాడు పక్కవాడు. తర్వాత నా ముఖం చూసి కుర్చీతో సహా పడ్డాడు.

మేడం నన్ను గదిలోకి పిలిచారు. "మాసికమని చెబితే పంపించనా?"

"యాప్‌ల లేదు మేడం."

"నేనున్నాను కదయ్యా!"

ఆవిడ నా దొంగ హాజరు కొట్టివేయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫెలోషిప్ పోయిందనే అనుకున్నాను. హాజరు రద్దుకు ఆ కంప్యూటర్ ఒప్పుకునే కారణం ఒకటే: మరణం. ధ్రువపత్రం జతచేయాలట.

మేడం నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"పొద్దున్నయితే నమ్మకంగా పెట్టేదాన్ని," అన్నారు. "ఈ హాజరు ఉండనీ. బదులుగా నెలరోజులు సాయంత్రం దాకా నా ఎదురుగా కూర్చుని చదువుకో. నీ ముఖం నేను చూస్తాను."

ఆ దండ తీసుకెళ్లి నాన్న పటానికి వేశాను. ఇకపై నా ఫొటో ఎక్కడికి వెళ్లినా దాని వెంట నేనూ వెళ్తానని, ఆ పటం ముందే నిలబడి ప్రమాణం చేశాను.