రాజీనామాల మామయ్య

మా డెల్మార్ మామయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, అప్పులు అసలే లేవు. ఉన్నదల్లా ఒకటే దురలవాటు: రాజీనామా. కొందరికి భోజనం కాగానే కునుకు వచ్చినట్టు, ఆయనకి ఏ సంఘంలోనైనా నాలుగు రోజులు కుదురుగా గడిచాయంటే రాజీనామా వచ్చేది. మా లోయలో ఆయన రాజీనామా చెయ్యని సంస్థ ఏదైనా ఉందంటే, అది ఆయన పుట్టకముందే మూతపడి ఉండాలి. చేతికి ఏది దొరికితే దానిమీద రాసేవాడు. విత్తనాల పొట్లం, టర్కీ కోళ్ళ దాణా సంచి, పళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ, ఏదైనా సరే.

చర్చి పాటల బృందానికి రాజీనామా చేసినప్పుడు, "ఆ బెంచీకీ నా నడుముకీ పడటం లేదు" అని రాశాడు.

"దానికేం భాగ్యం, బెంచీ మార్పిస్తాం బ్రదర్ సోరెన్సన్" అంది బృందం నడిపే ఆవిడ, మామయ్యని ఇంటిపేరుతో.

"అయితే పాటలకీ నడుముకీ పడటం లేదు" అని టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

ఊరి అగ్నిమాపక దళానికి పొద్దున్న రాజీనామా చేసి హెల్మెట్ తిరిగిచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే హాన్సెన్ వాళ్ళ గడ్డివాము అంటుకుంది. అందరికన్నా ముందు బకెట్ పట్టుకుని పరుగెత్తింది ఎవరయ్యా అంటే ఈయనే. "పొద్దున్నేగా మానేశావ్?" అని దళపతి గుడ్లురిమితే, "మానేసింది దళానికి. మంటకి కాదు" అన్నాడు. ఆర్విల్లా అత్తయ్య బతికున్నప్పుడు అంటూ ఉండేది, "నాకు మాత్రం రాజీనామా ఇవ్వలేదమ్మా. కాగితం దొరక్కేమో" అని.

ఇంతకీ ఈ గోలలో నేనెవర్నంటే, ఆయన మేనల్లుణ్ణి, పేరు నీఫై. ఆ రోజుల్లో మా ఊరి మోర్మన్ చర్చికి బిషప్పుని కూడాను. మా దగ్గర బిషపంటే గొప్ప పదవేం కాదు, జీతం లేని చాకిరీ. వంతుల మీద ఒక్కొక్కరి నెత్తికి చుట్టుకుంటుంది. వారమంతా నేను ఇళ్ళల్లో పైపులు బాగుచేసేవాణ్ణి, ఆదివారం ఆత్మల్ని. పైపులే నయం, తిట్టినా ఊరుకుంటాయి.

ఆ ఏడాది చలికాలంలో మా ఊళ్ళో ఒక రాజీనామా జరిగింది. మామయ్యది కాదు, రెయిలీన్‌ది. స్కూలు బస్సు నడిపే మనిషి. మొగుడు పోయి చాలాకాలమైంది. ఒకరోజు నా ఎదురుగా కూర్చుని, "బిషప్, నాకు నమ్మకం పోయింది. ప్రార్థన చేస్తుంటే ఎండిన బావిలో చేద వేసినట్టుంది. లేనిది ఉందని చెప్పి ఇక్కడ కూర్చోలేను, నా పేరు తీసెయ్యండి" అంది. తీసేశాం. తీరా చూస్తే వేసవిలో ఆమె ఒక్కగానొక్క కూతురు కెన్నాకి పెళ్ళి కుదిరింది. మా టెంపుల్ అంటే ఆదివారం వెళ్ళే చర్చి కాదు, వేరే పవిత్ర మందిరం. అక్కడ పెళ్ళంటే సభ్యత్వం ఉండి, బిషప్ అడిగే ప్రశ్నలకి సరైన జవాబులు చెప్పి, చీటీ సంపాదించిన వాళ్ళకే ప్రవేశం. కన్నతల్లైనా సరే బయట గడ్డిమీద నిలబడాలి. ఇప్పుడు పద్ధతులు కాస్త సడలాయంటారు. అప్పట్లో అంతే.

"ఒక్క రోజుకి నమ్ముతున్నానని చెప్పరాదా రెయిలీన్? ఎవరికి తెలుస్తుంది?" అన్నారు ఆడవాళ్ళు.

"నాకు తెలుస్తుందిగా" అంది.

దాంతో ఊళ్ళో వాళ్ళకి ఆమెతో ఏం మాట్లాడాలో తెలియలేదు. మాటలు రాకపోతే మా వాళ్ళు వంటలు పంపుతారు. చర్చి వాళ్ళు వంతులు వేసుకుని ఆమె గడప దగ్గర పళ్ళేలు పెట్టి, నవ్వు మొహాలు పెట్టి, గడియారం చూసుకుని వెళ్ళిపోయేవారు. చివరికి ఆమె తలుపుకి ఒక అట్టముక్క తగిలించింది. "ప్రేమతో వచ్చినవాళ్ళు లోపలికి రండి. వంతు మీద వచ్చినవాళ్ళు పళ్ళెం పెట్టి పొండి" అని. ఆ తర్వాత పళ్ళేలు చాలా పెరిగాయి. లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

వసంతంలో ఒక ఆదివారం మామయ్య నా గదిలోకి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితం. మడత లేదు, మరక లేదు, పైగా టైపు కొట్టించాడు. దాణా సంచి మీద రాయలేదంటే ఈసారి ఆటకాదన్నమాట.

"ఏంటి మామయ్యా ఇది?"

"కళ్ళు లేవా? రాజీనామా. చర్చి సభ్యత్వానికి. పుస్తకాల్లోంచి నా పేరు కొట్టెయ్."

"ఇది పాటల బృందం కాదు మామయ్యా!"

"తెలుసురా. నాకేం మతిపోలేదు."

"నీ బాప్తిస్మం పోతుంది. నీ యాజకత్వం పోతుంది."

"పోనీ. ఎన్నాళ్ళు పడుతుంది?"

"అత్తయ్యతో ముడి కూడా పోతుంది!"

మామయ్య టోపీ తీసి, అందులోకి కాసేపు చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళు పడుతుందని అడిగానురా" అన్నాడు.

టెంపుల్లో కట్టిన పెళ్ళి చావుతో తెగదని మా నమ్మకం. పైలోకంలో కూడా మొగుడూ పెళ్ళాలే. సభ్యత్వం వదులుకుంటే ఆ ముడి విప్పేసినట్టే. అత్తయ్య పోయిన దగ్గర్నుంచి మామయ్య ఆ ముడి పట్టుకునే బతుకుతున్నాడని ఊరందరికీ తెలుసు. రోజూ భోజనానికి కూర్చునే ముందు ఆమె కుర్చీ వైపు తిరిగి, "వస్తున్నాలేవే, తొందరపెట్టకు" అనేవాడు. అలాంటి మనిషి, ఉన్న ఒక్క ఆశనీ చేతులారా నీళ్ళలో కలుపుకుంటానంటే నేను ఏమైపోవాలి?

మా అమ్మ నెడ్రా ఈ మాట విని శోకాలు పెట్టింది. "చిన్నప్పుడు కోళ్ళ షెడ్డు మీంచి పడ్డాడురా మా అన్నయ్య. అప్పుడే అనుకున్నాను, ఈ దెబ్బ ఎప్పుడో బయటపడుతుందని! రేపు పైలోకంలో అందరం ఒక బల్ల చుట్టూ కూర్చుంటే మా అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంటుందిరా నాయనా! ఆర్విల్లాకి నేనేం చెప్పుకోను!"

మా ఊళ్ళో ఎవరైనా పోతే బంగాళాదుంపల మీద చీజ్ పోసి కాల్చి ఆ ఇంటికి పంపుతారు. మామయ్య నిక్షేపంలా బతికుండగానే ఆయన గడప మీద బంగాళాదుంపల పళ్ళేలు బారులు తీరాయి. ఒక్కటి వదలకుండా తిన్నాడు. "చావుకి పెట్టే తిండి చచ్చినవాడికే అందదు. నేను చూడు, ఎంత తెలివిగలవాణ్ణో" అన్నాడు నాతో. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది.

మాకు కాఫీ నిషిద్ధం. రాజీనామా చేసినవాడు మొట్టమొదట చేసే పని కాఫీ తాగడమేనని ఊళ్ళో గట్టి నమ్మకం. అందుకని పెట్రోలు బంకు పక్క హోటల్లో మామయ్య వెళ్ళే వేళకి జనం పోగయ్యేవారు. ఆయన దర్జాగా కూర్చుని చాక్లెట్ పాలు తెప్పించుకునేవాడు. "కాఫీ తాగవా డెల్మార్?" అని ఎవరో ఉండబట్టలేక అడిగారు. "ఛీ, ఆ చేదు మనిషన్నవాడు తాగుతాడా?" అని మూతి తుడుచుకున్నాడు. ఆదివారం వచ్చిందంటే ఎప్పటిలాగే అందరికన్నా ముందు చర్చికి వచ్చి మడత కుర్చీలు వేసేవాడు. "మానేశానన్నావుగా!" అంటే, "పేరు మానేశానురా. ఆదివారాలు ఎక్కడికి పొమ్మంటావ్?" అనేవాడు.

మామయ్య కాగితం పంపితే, సాల్ట్‌లేక్‌లోని మా చర్చి పెద్దాఫీసు నుంచి జవాబు వచ్చింది. మీరు ఒకసారి నచ్చజెప్పండి, వినకపోతే ఖరారు చెయ్యండి అని. అంటే కత్తి నా చేతికే ఇచ్చారు. నేను దాన్ని సొరుగులో పడేసి, ఇవాళ కాదు రేపు అంటూ దాటవేస్తూ వచ్చాను. మామయ్య ఊరుకుంటేగా! నేను ఎవరింట్లో సింకు కింద దూరితే అక్కడికి వచ్చి, నా కాళ్ళ దగ్గర నిలబడేవాడు.

"ఏమైందిరా?"

"పని జరుగుతోంది మామయ్యా."

"జూన్ రెండో శనివారం లోపల అయిపోవాలి."

"అంత తొందరేం? ఆ శనివారం ఏముంది?"

"శుక్రవారం తర్వాత శనివారం ఉంటుంది. కానీ త్వరగా."

ఆ శనివారం ఇంక రెండు రోజులుందనగా, గురువారం వచ్చి, "ఇవాళ సంతకం పెట్టకపోతే నేనే సాల్ట్‌లేక్ పోయి వాళ్ళ గుమ్మం ముందు కుర్చీ వేసుకుంటాను" అన్నాడు. అన్నంత పనీ చేస్తాడు, మొండివాడు. చేతులు కడుక్కుని సంతకం పెట్టాను. "అయిపోయింది మామయ్యా. నీ పేరు ఇక లేదు" అన్నాను. పసిపిల్లాడిలా ఏడ్చాను. "సంతోషంరా. ముక్కు తుడుచుకో" అని ఆయన వెళ్ళిపోయాడు. నా మేనమామని నా చేత్తోనే సమాధి చేసినట్టనిపించింది. ఇంటికి వెళ్ళి అన్నం కూడా తినలేదు.

శనివారం కెన్నా పెళ్ళికి నన్నూ పిలిచారు. టెంపుల్ గుట్ట మీద ఎండ మండిపోతోంది. గాలి టోపీలు ఎగరేస్తోంది. చుట్టాలంతా మెట్లెక్కి లోపలికి పోతున్నారు. రెయిలీన్ నీలం గౌను వేసుకుని, పువ్వు పెట్టుకుని, పిట్టగోడ పక్కన ఒక్కతీ నిలబడి ఉంది. దాటుకుని పోయేవాళ్ళు ఆమె భుజం తట్టి, జాలిగా మొహం పెట్టి, గబగబా లోపలికి తప్పించుకుంటున్నారు. పెదవి బిగబట్టి నిలబడింది పాపం. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

అప్పుడు పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల సూటులో, రెండు చంకల్లో రెండు మడత కుర్చీలు ఇరికించుకుని, ఒగరుస్తూ గుట్టెక్కి వచ్చాడు మామయ్య. గడ్డిమీద కుర్చీలు వేసి, ఒకదాన్లో చతికిలబడ్డాడు.

రెయిలీన్ మండిపడింది. "లే డెల్మార్! నాకెవరి జాలీ అక్కర్లేదు. ఎవరు పంపారు నిన్ను? ఈ బిషప్పేనా? ఇవాళ నీ వంతా?"

"నాకు వంతేంటమ్మా, నేను ఎవరి లెక్కలోనూ లేను. లోపలికి రానివ్వరు. కావాలంటే వీణ్ణి అడుగు."

ఆమె నా వైపు తిరిగింది. "ఉత్తుత్తి రాజీనామాయేగా? ఎప్పుడూ చేసేదేగా?"

"కాదు రెయిలీన్" అన్నాను. "గురువారం ఖరారైంది. నిజంగానే రానివ్వరు."

ఆమె మామయ్యని ఎగాదిగా చూసింది. రెండో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

నాకు అప్పుడు వెలిగింది, మట్టిబుర్రకి. శ్రుతి తప్పుతోందని హల్డా మామ్మని పాటల బృందంలోంచి పంపేసిన మర్నాడే మామయ్య నడుము పట్టేసింది. కుంటికాలు అని లైమన్‌ని అగ్నిమాపక దళం నుంచి తప్పించిన వారమే హెల్మెట్ తిరిగొచ్చింది. ఎక్కడా మొదట వెళ్ళింది ఈయన కాదు. ఎవరో తలవంచుకుని ఒంటరిగా గుమ్మం దాటుతుంటే, ఏదో వంక పెట్టుకుని వెనకాలే వెళ్ళింది ఈయన.

పక్కకి పిలిచి గొణిగాను. "మామయ్యా, ఊరికే వచ్చి కూర్చుంటే సరిపోయేదిగా! ఇంత పని చెయ్యాలా?"

"చీటీ ఉన్నవాడు బయట కూర్చుంటే అది పరామర్శరా. లేనివాడు కూర్చుంటే కబుర్లు. పరామర్శలు తిని తిని రెయిలీన్‌కి వెగటు పుట్టింది."

"మరి అత్తయ్య?"

మామయ్య టెంపుల్ తలుపుల వైపు చూశాడు. ముఖం ముడుచుకుంది, ఒక్క క్షణం నిజంగా ముసలివాడైపోయాడు. తర్వాత అన్నాడు, "మీ అత్తయ్య సంగతి నాకు చెబుతావేంట్రా? నేను బయట ఉండిపోయానని తెలిస్తే అది లోపల కూర్చుంటుందా? ముడి ఉంటే ఏంటి, ఊడితే ఏంటి, తిట్టడానికైనా బయటికొస్తుంది. పో, పెళ్ళికి ఆలస్యమవుతోంది."

లోపల పెళ్ళి జరిగినంతసేపూ నా మనసు గడ్డిమీదే ఉంది. తంతు కాగానే కెన్నా పెళ్ళికొడుకుని వదిలేసి, గౌను కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, మెట్లు దిగి వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"అమ్మా! ఏడ్చావా? ఒక్కదానివీ ఏడుస్తూ ఉంటావని..." అంటూ తనే ఏడుపు మొదలుపెట్టింది.

రెయిలీన్ కూతుర్ని కావలించుకుని, భుజం మీదుగా మామయ్య వైపు చెయ్యి ఊపింది. "ఏడవడానికి ఈయన సందిస్తేగా! లోపల నీ పెళ్ళి కూడా అయిపోయింది గానీ, ఇక్కడ ఈయన చెబుతున్న పిత్తాశయం ఆపరేషన్ కథ ఇంకా మత్తుమందు దాకా రాలేదు!"