ఏరి చూపిన నలభై చేపలు

ఈ ప్రయాణానికి నేను బయలుదేరింది గర్వంతోనే అని ముందే ఒప్పుకుంటాను. జనగామలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వాగుల్లో, నదుల్లో చేపల ఒంటితీరు చూడటం నాకున్న ఒకే ఒక్క పిచ్చి. మా అక్కచెల్లెళ్లు బంగారం తూచుకుంటుంటే నేను చేపలు తూచుకుంటానని ఇంట్లో ఎగతాళి. పోయినేడాది ఎండలు ముదరకముందు నన్ను భూపాలపల్లి జిల్లాకు పిలిచారు. కాటారం దాటాక గోదావరి ఒడ్డున ఒక చిన్న జాలరుల వాడ ఉంది. చేపలు బక్కచిక్కుతున్నాయనీ, ఒంటి మీద పుండ్లు లేస్తున్నాయనీ, నీళ్లు పరీక్ష చేయించమనీ అక్కడి సంఘం పెద్ద పోచన్న అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ చూసే అధికారికి నేను తెలుసు. "ఒకసారి చూసి రాసివ్వండి మేడం" అన్నాడు. వెళ్లి నలభై చేపలు కొలిచాను, తూచాను. అన్నీ దిట్టంగా ఉన్నాయి. "చేపల ఆరోగ్యం బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితంతో పోచన్న అర్జీ మూలన పడింది.

ఈసారి వానలు వెనకబట్టాక ఇంకో ఆలోచన వచ్చింది. జనగామ వైపు ఒక చెరువు, మహబూబాబాద్‌లో ఒక వాగు, చివరికి గోదావరి. మూడు చోట్లా చేపలు కొలిచి, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లకు పనికొచ్చేలా రాద్దామనుకున్నాను. సామాను తక్కువే. చేతిలో పట్టే త్రాసు, చెక్క స్కేలు, తడి గుడ్డ, నోటుబుక్కు. జనగామలో పొద్దున ఆరున్నర దాటాక ప్యాసింజర్ ఎక్కితే అరగంటలో స్టేషన్ ఘన్‌పూర్. టికెట్ టీ ఖర్చు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. స్టేషన్ నుంచి ఆటోలో చెరువు గట్టుకు వెళ్లేసరికి వలలు అప్పుడే తీస్తున్నారు.

పద్ధతి ఇక్కడే చెప్పేస్తాను. చేప పొడవును సెంటీమీటర్లలో, బరువును గ్రాముల్లో రాసుకోవాలి. బరువును వందతో హెచ్చవేసి, పొడవు ఘనంతో, అంటే పొడవు ఇంటూ పొడవు ఇంటూ పొడవుతో భాగించాలి. రవ్వ చేప ముప్పై సెంటీమీటర్లుండి మూడువందల యాభై గ్రాములు తూగితే ఒకటింపావుకు కాస్త ఎక్కువ వస్తుంది, అంటే ఒంట్లో కండ ఉంది. ఒకటికి బాగా కింద పడితే ఎండిపోయినట్టు. ఒక జాతిని ఆ జాతితోనే పోల్చాలి, జెల్లను తెచ్చి రవ్వ పక్కన పెడితే లెక్క తప్పుతుంది. తర్వాత మొప్ప ఎత్తి రంగు చూడాలి, పొలుసు కింద పుండ్లు వెతకాలి, రెక్కల అంచులు తడిమి చూడాలి. నేనిదంతా చేస్తుంటే వల లాగుతున్న ఒకతను నవ్వాడు. "ఫోటో దిగుతరా మేడం? ఆగుండ్రి, గిది కాదు, పెద్దది తీస్త" అన్నాడు. నేనూ నవ్వి ఆ పెద్దదాన్నే తూచాను. అప్పుడు కూడా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

పదింటికి మళ్లీ రైలు పట్టుకుని కాజీపేట మీదుగా మహబూబాబాద్ చేరేసరికి పన్నెండు దాటింది. స్టేషన్ ముందు బాలు అనే ఆటో డ్రైవర్‌తో ఆకేరు ఒడ్డుకు రానూపోనూ ఆరువందలకు మాట్లాడుకున్నాను. అతనిది దగ్గర్లోని తండా. దారంతా ఫోన్‌లో ఇంట్లోవాళ్లతో తమ భాషలో మాట్లాడుతూ, మధ్యలో నాతో తెలుగులోకి మారుతూ నడిపాడు. "చేపలకు కూడ డాక్టర్లుంటరా అమ్మా?" అని అడిగాడు. డాక్టర్ని కాను, కొలతలు తీసే టైలర్‌ని అన్నాను. ముప్పావుగంటలో వాగు వచ్చింది.

ఒడ్డున రాజవ్వ నా కోసం కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. చేపలు పట్టేది ఆమె కొడుకు, వేరుచేసి అమ్మేది ఆమె. నేను వస్తున్నానని ముందురోజే ఫోన్ చేశాను కాబట్టి టబ్బు నిండా రవ్వలూ, బొచ్చెలూ సిద్ధంగా పెట్టింది. ఒక్కొక్కటీ తీసి తూచాను. అంకెలు చూడముచ్చటగా ఉన్నాయి. మొప్పలు మందారాల్లా ఉన్నాయి. చేతులు కడుక్కుంటుంటే కొంచెం అవతల తడి గోనెసంచి కింద ఏదో కుప్ప కనబడింది.

"అవ్వా, అవేమిటి?"

"గవి నీకెందుకు బిడ్డా? బక్కయి. మేం వండుకునేటియి."

సంచి ఎత్తాను. అన్నీ తలకాయలే కనబడ్డాయి, వెనక ఒళ్లు తోకలా సన్నగా ఉంది. ఒక రవ్వను తూచాను. పొడవు టబ్బులో వాటంతే, బరువు మాత్రం సగానికి కాస్త ఎక్కువ. రాజవ్వ ఆ చేపను నా చేతిలోంచి తీసుకుని, తల వెనకాల వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కింది. "త్రాసెందుకు బిడ్డా? ఈడ వేలు పెట్టి సూడు. పల్లం వడ్డదంటె తిండి లేనట్టే."

"మరి ఇవి నాకెందుకు చూపలేదు?"

ఆమె నన్ను ఆశ్చర్యంగా చూసింది. "సుట్టం ఇంటికొస్తె పురుగు వట్టిన బియ్యం సూపెడ్తమా? నువ్వు గంత దూరంకెళ్లి వచ్చినవ్. మంచియే ఏరి పెట్టాలె గద. గట్ల పెట్టకపోతే మా ఇజ్జత్ ఏముంటది?"

"అందరూ ఇలాగే చేస్తారా?"

"ఎవలైన గంతే బిడ్డా."

ఆ మాటతో గోదావరి ఒడ్డున నేను కొలిచిన నలభై చేపలు కళ్లముందుకు వచ్చాయి. అన్నీ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే బరువు. ఆ రోజు ఆ అంకెల వరస చూసి ఎంత మురిసిపోయానో. మా పిల్లల్లో ఎవరైనా అలాంటి పట్టిక రాసుకొస్తే ఎర్ర సిరాతో చుట్టి, "ఒక్క వలలో ఇన్ని కవలపిల్లలా?" అని క్లాసంతా నవ్వేలా అడిగేదాన్ని. నా దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమైందో తెలియదు.

మహబూబాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జిలో తొమ్మిదివందలకు గది తీసుకుని, తెల్లారి ఆరింటికి బస్సెక్కాను. నర్సంపేట, హనుమకొండ, అక్కడి నుంచి భూపాలపల్లి, ఆపైన కాటారం. మూడుసార్లు మారాలి, ఆరున్నర ఏడు గంటలు పడుతుంది. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. భూపాలపల్లి దాటేదాకా బొగ్గు లారీల వెనక నిదానంగా పోవాలి. కాటారంలో ఒంటిగంటకు దిగి, అన్నం తిన్నాననిపించి, నాలుగువందలకు ఆటో మాట్లాడుకుని నది ఒడ్డుకు వెళ్లాను. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు.

పోయినసారి ఆ వాడలో పిల్లలు ఆటో చుట్టూ మూగారు. ఇప్పుడు సగం ఇళ్లకు తాళాలు. తెప్పలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి, వాటి కింద కోళ్లు పడుకున్నాయి. పోచన్న ఇంట్లోనే ఉన్నాడు. మిరపతోటలో కూలికి పోతున్నాడట, ఆ రోజు పని లేదు. నన్ను చూసి లేచి నులకమంచం వాల్చాడు.

"ఏంది మేడం, చెప్పకుండ వచ్చిన్రు?"

"పోచన్నా, ఆ రోజు నాకు చూపిన చేపలు ఏరినవేనా?"

అతను ఇంటి వైపు చూశాడు. లోపల అతని భార్య సమ్మక్క గిన్నెలు సర్దుతోంది. "జర మెల్లగ మేడం" అని నన్ను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఆ పొద్దు నన్ను మండల్ ఆఫీసుకు పిలిశిన్రు. జనగామకెళ్లి మేడం వస్తది, శేపలు సూపెట్టుండ్రని మా ఇంట్ల చెప్పి పోయిన. ఎందుకు సూస్తరో చెప్పలె, గదే నా తప్పు. సమ్మక్క అందరి వలలల్ల పడ్డయన్ని కుప్ప పోసి మంచి మంచియి ఏరిపెట్టింది. నేనొచ్చేసరికి మీరు త్రాసు సంచిల వెడ్తున్నరు."

"చూసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"చెప్దమనే నోరు తెరిశిన మేడం. మీరు బస్సుకు పరేషాన్‌ల ఉంటిరి. అంతమంది ఆడోళ్ల ముంగట, గియ్యి ఏరినయని ఎట్ల చెప్పాలె? సమ్మక్క మనసు ఎంత కష్టపడ్తది? మీరు పెద్ద సదువు సదివిన్రు, మీకే తెలుస్తది అనుకున్న."

నాకు గుర్తొచ్చింది. నిజంగానే అతను నా ఎదురుగా నిలబడి "మేడం, జర..." అన్నాడు. నేను గడియారం చూసుకుంటూ "భయపడకు పోచన్నా, మీ చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని ఆటో ఎక్కాను. తర్వాతైనా ఫోన్ చేయొచ్చు కదా అని అడిగాను, తప్పును కొంచెం అతని వైపు జరుపుదామని కాబోలు.

"కాగితం ఆఫీసుకు పోయింది గద మేడం. మీ సంతకం మీద నా మాట నిలుస్తదా?"

మిగతాది అతను నెమ్మదిగా చెప్పాడు. ఎండాకాలంలో మడుగులో చేపలు చచ్చి తేలాయి. ఆ తర్వాత వలలో పడేవి అమ్ముడుపోవడం లేదు, పుండ్లు చూసి జనం వెనక్కి ఇచ్చేస్తున్నారు. ఒక్కో ఇల్లే కూలి పనులకు కదిలింది. అంతకుముందే సంఘంలో అందరూ అతన్ని నిలదీశారు. పెద్ద మేడమే బాగున్నాయని రాస్తే లేని రోగం పుట్టించి మన చేపల పేరు చెడగొట్టావన్నారు. చేపలు తేలాక కూడా, అప్పుడు లేని రోగం చెప్పబట్టే ఇప్పుడు వచ్చిన రోగాన్ని ఆఫీసులో ఎవరూ నమ్మడం లేదన్నారు. అసలు సంగతి చెబితే మాట సమ్మక్క మీదికి పోతుంది. అందుకని తప్పు నాదేనని ఒప్పుకుని, పెద్దరికం వేరేవాళ్లకు ఇచ్చేశాడు. "ఆమెకు తెల్వదు మేడం. చెప్పకుండ్రి" అన్నాడు.

ఇంకా వేటకు పోతున్నది ఇద్దరే. మూడింటికి అందులో ఒకరి వల ఒడ్డుకు వచ్చింది. పడినవి ముప్పై ఒక్క చేపలు. పిల్లదాన్ని కూడా వదలకుండా అన్నీ కొలిచాను. ముప్పై సెంటీమీటర్ల రవ్వ రెండువందల పది గ్రాములే తూగింది. మొప్పలు ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డల్లా ఉన్నాయి. తోక దగ్గర రూపాయి బిళ్లంత పుండ్లు. వెన్ను మీద వేలు పెడితే ఎక్కడ చూసినా పల్లమే. ఏడాది కిందటే చూడాల్సినవి ఇప్పుడు చూస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తిట్టుకుంటూ రాసుకున్నాను.

ఇంతలో సమ్మక్క టీ తెచ్చింది. నా ముందున్న చేపలు చూసి ఆమె ముఖం చిన్నబోయింది. "అయ్యో మేడం, గియ్యేంది ముంగటేసుకున్నరు?" అని, పోచన్న మీద విరుచుకుపడింది. "గీ బక్కయి సూపెడ్తవా మేడానికి? సిగ్గుండాలె. నన్ను పిలిస్తె ఏమాయె?" మళ్లీ నా వైపు తిరిగి నవ్వింది. "పోయినసారి ఎంత మంచియి ఏరిపెట్టిన మేడం! మా శేపలు మంచిగున్నయని కాగితంల రాసిన్రంట గద. మా వాడల అందరికి చెప్పుకున్న. గీ రోగం తర్వాత వచ్చింది గని, అప్పుడు మా ఇంటాయిననే వట్టిగ భయపడ్డడు."

పోచన్న తల వంచుకుని వలలో చిక్కిన గడ్డి తీస్తున్నాడు.

"అవును సమ్మక్కా" అన్నాను. "నువ్వు చూపించినవి చాలా మంచి చేపలు."

ఆమె సంతోషపడింది. టీలో ఇంకొంచెం చక్కెర వేయమంటారా అని అడిగింది.

కొత్త కాగితం ఆ వారమే ఇచ్చాను. "పోయినేడాది బాగున్నాయని రాసింది మీరే కదా మేడం, ఏది నమ్మమంటారు?" అని అధికారి అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మొదటి కొలతలకు చేపలను ఎలా ఎంచారో నేను అడగలేదు, తప్పు పూర్తిగా నాది అని కింద రాసి సంతకం పెట్టాను. నీళ్ల పరీక్షకు రాస్తామన్నారు, ఇంకా ఎవరూ వెళ్లలేదు. రేపు నీళ్లు బాగుపడితే చేపలకు కండ పట్టవచ్చు, తాళాలు వేసిన ఇళ్లు తెరుచుకోవచ్చు. కానీ పోచన్న తన వాడ ముందు పోగొట్టుకున్న మాటను ఏ కాగితంతో తిరిగి ఇవ్వాలో నాకు తెలియదు. నిజం చెబితే సమ్మక్క కుమిలిపోతుంది, చెప్పకపోతే అతను అబద్ధాలకోరుగానే మిగులుతాడు. అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. నేనే ఇంకా తేల్చుకోలేక బాధపడుతున్నాను.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ముందు ఫోన్ చేయకండి, వల ఒడ్డుకు వచ్చే వేళకు అక్కడుండి పడినవన్నీ కొలవండి, ఆ రోజు తిరుగు బస్సు మాత్రం పెట్టుకోకండి. భూపాలపల్లిలో గదులు దొరుకుతాయి. త్రాసు సంచిలో పెట్టాక కూడా కాసేపు ఒడ్డునే కూర్చోండి, మీ ఎదురుగా ఎవరైనా నోరు తెరిచి ఆగిపోయారేమో చూడండి.